అమ్మమ్మ కొలిచిన వంద కిలోమీటర్లు

దేవుడు ఆరు రోజుల్లో ఈ భూమిని చేసి ఏడో రోజు కునుకు తీశాడని మాకు ఆదివారం బడిలో చెప్పారు. ఆయన అలా కునుకు తీస్తుండగా సెలె నది లోయని ఒక చివర పట్టుకుని ఇంకో ఆరు కిలోమీటర్లు సాగదీసింది మా అమ్మమ్మ. రాజులు యుద్ధాలు చేసి, తలలు నరికి నేల పెంచుకున్నారు. మా అమ్మమ్మ కుర్చీలోంచి లేవకుండా, ఒక మీటరు ఎర్ర ఊలుతో పెంచింది. ఇరవై మూడేళ్ళపాటు మా వైపు ఫ్రాన్సు దేశం ఆవిడ చెప్పినంత పొడుగే ఉంది.

ఇంకో గొప్ప కూడా చెప్పనివ్వండి. ఈ లోయలో సైకిలు దారులన్నీ గీసిన ఈ మనిషి జీవితంలో ఒక్కసారి కూడా సైకిలెక్కలేదు. పదకొండేళ్ళప్పుడు అక్రోటు చెట్టు మీంచి పడింది. అప్పట్నుంచి ఎడమ మోకాలు వంగదు.

ఆవిడ పేరు గిల్బెర్త్ కసాన్యోల్. మా ఊరు లార్నాక్‌లో, చౌకులో, చర్చి మెట్లకి ఎదురుగా ఊలు దుకాణం. ఊలుతో పాటు బొత్తాలు, జిప్పులు, ముసలివాళ్ళ బనియన్లు కూడా అమ్మేది. ఇప్పుడు దుకాణం మూసేసింది గాని తలుపు మీద గంట తియ్యలేదు, కుర్చీ కూడా కిటికీ పక్కన అలాగే ఉంది. నేను ఆవిడ కూతురి కూతుర్ని. పదహారేళ్ళకే బడి మానేసి సైకిళ్ళు బాగుచేసే షాపులో చేరాను కాబట్టి నా రాతలో తప్పులుంటే చదివేవాళ్ళు మెల్లగా దాటెయ్యాలి.

ఎనభై ఆరు ఫిబ్రవరిలో ఊళ్ళో పద్నాలుగు మంది మగవాళ్ళు కలిసి సైకిలు క్లబ్బు పెట్టారు. వసంతంలో ఒక ఆదివారం వంద కిలోమీటర్ల యాత్ర చెయ్యాలని తీర్మానం. తీర్మానం పది నిమిషాల్లో అయిపోయింది. దారి దగ్గర మాత్రం మూడు వారాలు కొట్టుకున్నారు. క్లబ్బు అధ్యక్షుడు ఒనోరే, మా చౌకులో మాంసం కొట్టు ఆయన, దారి తన బావమరిది కేఫు ముందునుంచే వెళ్ళాలన్నాడు. మిగతా పదముగ్గురికీ కూడా బావమరుదులున్నారు. చివరికి ఒకరోజు వాన పడుతుంటే అందరూ మ్యాపు చుట్టుకుని అమ్మమ్మ దుకాణంలోకి వచ్చారు.

"గిల్బెర్త్, నీ టేపు ఒకసారి ఇస్తావా?" అన్నాడు ఒనోరే.

"టేపు మలుపులు తిరగదు ఒనోరే, నీ బుర్రలాగే," అంది అమ్మమ్మ. మ్యాపు బల్ల మీద పరిపించి, కింద రాసింది చదివింది. "సెంటీమీటరంటే కిలోమీటరట. అయితే మీటరు ఊలు వేస్తే వంద. ఇందులో తగువెక్కడుంది?"

ఎర్ర ఊలు తీసి, బల్లకి బిగించిన ఇత్తడి కొలపట్టీ పక్కన బట్టలారేసే తీగలా బిగలాగి పట్టుకుని, సరిగ్గా మీటరు దగ్గర కత్తిరించింది. దాన్ని మ్యాపు మీద మా చౌకు దగ్గర గుండుసూదితో గుచ్చి నది పక్కనే నడిపించింది. కొండల కిందుగా, వంతెన దాటించి, పైన సున్నపురాయి మైదానం మీదికి ఎక్కించి, గొర్రెల దొడ్ల మధ్యనుంచి దింపి మళ్ళీ చౌకుకి తెచ్చింది. ఊలు మొదలూ చివరా కలిశాయి. ఎవరి బావమరిది కేఫూ దారిలో లేదు. కాబట్టి అందరూ ఒప్పుకున్నారు.

అప్పట్నుంచి ఏటా ఫిబ్రవరిలో ఇదొక తంతు. మగవాళ్ళు టోపీలు తీసి నిలబడేవారు. అమ్మమ్మ అందరూ చూస్తుండగా ఊలు బిగలాగి, కత్తిరించి, ఆ ఏటి దారి వేసేది. ఊలు ఎటు వెళ్తే అటే. మే నెలలో యాత్ర. తొక్కి వచ్చినవాళ్ళు చెమటలు కక్కుతూ దుకాణంలోకి వస్తే అమ్మమ్మ ముద్ర వేసి, వంద కిలోమీటర్లు పూర్తి చేశారని సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టి, వెల్లుల్లి చారు పోసేది. చారు అడుగున ఎర్ర వైను కలుపుకుని గిన్నె ఎత్తి తాగడం మావాళ్ళ అలవాటు. ఆ మూతులతోనే సర్టిఫికెట్టుకి ముద్దు పెట్టేవారు. ఊళ్ళో సగం సర్టిఫికెట్ల మీద మూతి మరకలున్నాయి.

తొంభైలో డబ్బాలు వచ్చాయి. హ్యాండిలుకి తగిలిస్తే ఎంత దూరం తొక్కామో అంకెల్లో చూపించే చిన్న డబ్బాలు. అందరికంటే ముందు ఒనోరే కొన్నాడు. ఆ మే నెల యాత్ర అయ్యాక దుకాణంలోకి వచ్చి, "గిల్బెర్త్, నా డబ్బా తొంభై నాలుగంటోందే!" అన్నాడు.

"నువ్విచ్చిన అరకిలో సాసేజీ నా త్రాసులో ఎప్పుడూ అరకిలో తూగలేదు ఒనోరే. నేనెప్పుడైనా అడిగానా?" అంది అమ్మమ్మ. దుకాణమంతా ఘొల్లుమంది. "నీ డబ్బాకి చక్రం కొలత సరిగ్గా చెప్పి ఉండవు. వెళ్ళి సరిచేసుకో."

వెళ్ళి సరిచేసుకున్నాడు. చక్రం చుట్టుకొలత ఎంతో ముందు డబ్బాకి చెప్పాలి. ఆ అంకె కాస్త పెంచితే డబ్బా కూడా దూరం పెంచి చూపిస్తుంది. అమ్మమ్మ దారి మీద వంద చూపించేదాకా అంకె పెంచాడు. అతన్ని చూసి మిగతావాళ్ళూ పెంచారు. పక్కలోయ వాళ్ళకంటే మావాళ్ళు వేగంగా తొక్కుతారని పేరొచ్చింది. రోడ్డు పక్క కిలోమీటరు రాళ్ళతో తమ డబ్బాలు కలవకపోతే, రాళ్ళు పాతినవాళ్ళు తాగి పాతారనేవారు. తర్వాత నేను షాపులో చేరినప్పుడు మా యజమాని నాకు నేర్పిన మొదటి పాఠం అదే: డబ్బా అమ్మితే కంపెనీ వాళ్ళ కాగితం చూడకు, మీ అమ్మమ్మ దారి మీద తొక్కి వందకి తిప్పు. అలా ఎన్ని డబ్బాలకి నా చేత్తో అబద్ధం నేర్పానో లెక్కలేదు.

ఇంతవరకూ అమ్మమ్మది పాపం కాదు, పొరపాటే. ఆవిడకి నిజంగానే తెలియదు.

తెలిసింది తొంభై అయిదు జనవరిలో. నాకప్పుడు నాలుగేళ్ళు. నాకు టోపీ అల్లుదామని మా అమ్మ దుకాణంలో కూర్చుని అల్లిక నేర్చుకుంటోంది. ఊలు పట్టీ పక్కన పెట్టి గట్టిగా లాగి కొలుస్తుంటే అమ్మమ్మ కసిరింది: "లాగకే పిల్లా! ఊలు సాగుతుంది. లాగి కొలిస్తే మీటరు, వదిలితే ముడుచుకుని తక్కువవుతుంది. ఈ మాత్రం తెలియదా?"

ఆ మాట అనేసి అమ్మమ్మ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయిందట. మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఏ అల్లిక పిల్లకైనా మొదటిరోజే చెప్పే మాట. ఊలు అమ్మి బతికే మనిషి తొమ్మిదేళ్ళుగా పద్నాలుగు మంది ముందు ఊలు లాగి కొలిచింది. ఎందుకంటే ఎదురుగా మగవాళ్ళు టోపీలు తీసి నిలబడితే, బిగలాగి కత్తిరించడంలో ఒక దర్జా ఉంది.

మా అమ్మ వెళ్ళాక మ్యాపు తీసి చూసుకుంది. మ్యాపు మీద వదులుగా పడుకున్న ఊలు తొంభై నాలుగు సెంటీమీటర్లు. ఒనోరే డబ్బా చెప్పిందీ అదే.

వెంటనే చెప్పాల్సింది. చెబితే ఊరు నవ్వేది, ఒక నెల ఏడిపించేది, అయిపోయేది. చెబుదామనే అనుకుంది. వచ్చే ఫిబ్రవరిలో చెబుదాం, ఈసారికి చారులో వైను పోశాక చెబుదాం, ఇలా. పరువు. మా అమ్మమ్మకి అది ఎప్పుడూ కాస్త ఎక్కువే. ఫిబ్రవరిలో మగవాళ్ళు వచ్చి టోపీలు తీశారు. అమ్మమ్మ మొదటి ఏటి దారినే, నది దారినే మళ్ళీ వేస్తానంది. తెలిసి తెలిసి ఊలు బిగలాగింది.

ఆ మే నెలలోనే ఉర్బాన్ వచ్చాడు.

ఉర్బాన్ దెల్పెష్ మా ఊరి చివర అక్రోటు నూనె గానుగ ఆడించేవాడు. అమ్మమ్మతో ఒకే బల్ల మీద బడిలో కూర్చున్నవాడు. యాభై ఎనిమిదేళ్ళు, నూట పది కిలోలు. మెట్లెక్కితే ఆయన గుండె చప్పుడు పక్కవాళ్ళకి వినిపించేది. భార్య రేమోండ్‌కి కడుపులో రాచపుండు పాకి మంచం పట్టింది. ఇక మూడు నాలుగు నెలలే అన్నారు. రేమోండ్ మామూలు మనిషి కాదు. మొగుణ్ణి పిలిచి ఇలా అందట:

"నేను పోయాక నువ్వు కుర్చీలో కూర్చుని వెన్న తిని చస్తావు. నాకు తెలుసు. ఆ సైకిళ్ళ వాళ్ళతో వంద కిలోమీటర్లు తొక్కి చూపించు. అప్పుడు నువ్వు బతుకుతావని నమ్మి పోతాను."

మూడు నెలలు రోజూ ఉదయం తొక్కాడు. యాత్ర రోజున అందరూ నాలుగింటికి వచ్చి, చారు తాగి, పాటలు పాడి, ఇళ్ళకి వెళ్ళిపోయారు. ఉర్బాన్ ఏడున్నరకి వచ్చాడు. వెనక ఒనోరే తన మాంసం వ్యాను నడుపుతూ, కిటికీలోంచి తిడుతూ, ధైర్యం చెబుతూ తీసుకొచ్చాడు. ఉర్బాన్ సైకిలు దిగలేదు, దాని మీంచి జారాడు. చర్చి మెట్ల మీద కూలబడి, ఎదురుగా దుకాణం గుమ్మంలో నిలబడ్డ అమ్మమ్మ వైపు చూశాడు.

"అయిందా గిల్బెర్త్? వందేనా?"

అమ్మమ్మ చేతిలో పెన్ను ఉంది. ఇంకో ఆరు తొక్కమంటే ఆ మనిషి చచ్చిపోతాడు. తొంభై నాలుగని చెబితే ఇంటికి ఏ ముఖంతో వెళ్తాడు?

"వందే," అంది. సంతకం పెట్టింది.

రేమోండ్ పదకొండు రోజులకి పోయింది. చూడ్డానికి వెళ్ళిన అమ్మమ్మకి ముందు కనబడింది రేమోండ్ ముఖం కాదు, చేతుల్లో సర్టిఫికెట్టు. వంద అన్న అంకె, కింద తన సంతకం, అందరికీ కనబడేలా పెట్టాడు ఉర్బాన్. దాన్ని శవపెట్టెలో అలాగే ఉంచి మూత వేశారు.

ఇప్పుడు ఎవరికి చెప్పాలి? ఎలా చెప్పాలి? సమాధి తవ్వి తీసుకురాలేరు.

ఉర్బాన్ బతికాడు. ఏటా మే నెలలో రేమోండ్ పేరు మీద వంద తొక్కేవాడు. ఆయన నడవాలో సర్టిఫికెట్లు పటాలు కట్టి వరసగా ఉండేవి. హ్యాండిలుకి డబ్బా పెట్టుకోమని ఎవరన్నా అంటే, "గిల్బెర్త్ ఊలుండగా నాకు డబ్బా ఎందుకు?" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా అమ్మమ్మ ఏదో ఒక పనున్నట్టు లోపలికి వెళ్ళిపోయేది. ఏటా క్రిస్మస్‌కి ఆయనకి ఒక జత మేజోళ్ళు అల్లి ఇచ్చేది. నవంబరులో అందరూ సమాధుల మీద చామంతులు పెడుతుంటే, రేమోండ్ ఉన్న వరస మాత్రం గబగబా, కుంటికాలితో పరుగులాంటి నడకతో దాటేది. అందరిలాగే నేనూ మోకాలి నొప్పి అనుకున్నాను. ఆ నడకని అనుకరించి బంధువుల్ని నవ్వించేదాన్ని కూడా. ఇప్పుడు తలుచుకుంటే నా చెవులు వేడెక్కుతాయి.

ఒకసారి మాత్రం దిద్దుకుందామని చూసింది. తొంభై ఆరులో ఊలు లాగకుండా, వదులుగా కొలిచి కత్తిరించింది. ఎవరూ గమనించరనుకుంది. మే నెలలో యాత్ర చేసి వచ్చినవాళ్ళు దుకాణం మీద పడ్డారు. ఒక్కొక్కరి డబ్బా నూటారు అంటోంది. "గిల్బెర్త్, నీ ఊలు బలిసిందా?" అని ఒనోరే. "మమ్మల్ని చంపుదామనుకున్నావా?" అని ఇంకొకరు. ఉర్బాన్ నడుం పట్టుకుని మూడు రోజులు మంచం దిగలేదు. నిజం కొలిచిన ఒకే ఒక్క ఏడాది ఊరంతా ఆవిణ్ణి మోసగత్తె అంది. మరుసటి ఏడు మళ్ళీ బిగలాగింది.

అలా రెండు వేల తొమ్మిది సెప్టెంబరు దాకా సాగింది. మధ్యలో ఒకరిద్దరు ఉపగ్రహంతో పనిచేసే యంత్రాలు తెచ్చి తొంభై నాలుగన్నారు. కొండల సందులో ఉపగ్రహానికి ఏం కనబడుతుందని ఒనోరే వాళ్ళ నోళ్ళు మూయించాడు.

ఆ సెప్టెంబరులో ఒక గురువారం పర్యాటకుల ఆఫీసు నుంచి నోయెమి అనే అమ్మాయి వచ్చింది. నేను సైకిలు గొలుసు తుడవడానికి పాత బనియన్లు అడుక్కుందామని దుకాణంలో ఉన్నాను.

"మదాం, నది వెంట సైకిలు దారికి బోర్డులు పెడుతున్నాం. మీరు మొదట వేసిన దారే తీసుకున్నాం. పెద్ద బోర్డు సోమవారం వంతెన దగ్గర నిలబెడతాం. మీ పేరు కూడా వేశాం," అంది నోయెమి. తర్వాత గొంతు తగ్గించింది. "ఒక్క చిన్న తేడా వచ్చింది. మాకు తొంభై నాలుగు వచ్చింది. పొరపాటేమోనని మూడుసార్లు కొలిచాం."

"పొరపాటు మీది కాదు," అంది అమ్మమ్మ. అమ్మాయికి నీళ్ళు కూడా ఇవ్వకుండా పంపేసింది.

నేను పొట్ట పట్టుకుని నవ్వాను. "అమ్మమ్మా, ఆరు కిలోమీటర్లు మింగేశావా? అరిగిందా? ఒనోరే తాతకి చెప్పనా?"

"ఒనోరేకి పోయేది గొప్ప. వాడి దగ్గర ఇంకా బోలెడుంది," అంది. "నువ్వు నవ్వడం ఆపి కూర్చో." అప్పుడు చెప్పింది, జనవరి సంగతి, మే సంగతి, పెట్టెలో కాగితం సంగతి. నా నవ్వు ఎక్కడ ఆగిందో గుర్తులేదు. చివర్లో అంది: "ఉర్బాన్ రోజూ ఉదయం ఆ వంతెన మీంచే వెళ్తాడు. సోమవారం బోర్డు చూసి తెలుసుకోకూడదు. నేనే చెప్పాలి, సోమవారం లోపల."

శుక్రవారం ఆపిల్ రొట్టె చేసింది, తీసుకెళ్ళడానికి. తీసుకెళ్ళలేదు. శనివారం మాడిపోయిందని సాకు చెప్పి ఇంకోటి చేసింది. ఆదివారం మధ్యాహ్నం నేను బండి తాళాలు ఆడిస్తూ గుమ్మంలో నిలబడ్డాను. "ఇంకో రొట్టె చేస్తే ఆయన మళ్ళీ నూట పది కిలోలవుతాడు. పద," అన్నాను. నన్ను తిట్టలేదు. దానికే నాకు భయం వేసింది.

ఉర్బాన్ గానుగ దగ్గరే ఉన్నాడు. మమ్మల్ని చూసి నవ్వుతూ చేతులు తుడుచుకున్నాడు.

"ఏంటి గిల్బెర్త్, ఇంకా క్రిస్మస్ రాలేదుగా? మేజోళ్ళు ముందే తెచ్చావా?"

"ఉర్బాన్, నేను కొలిచిన వంద వంద కాదు. తొంభై నాలుగు. అన్ని ఏళ్ళూ అంతే. ఊలు లాగి కొలిచాను."

ఉర్బాన్ గానుగ రాయి మీద చెయ్యి వేసి పగలబడి నవ్వాడు. "తొంభై నాలుగా! ఒనోరే గాడు చచ్చాడు! వాడి జీవితమంతా డబ్బాలో ఉంది!" కళ్ళు తుడుచుకున్నాడు. "మరి నువ్వెప్పుడు చూసుకున్నావు? ఈ వారమా?"

అమ్మమ్మ అవుననేసి తప్పించుకోవచ్చు. నేనైతే అనేదాన్ని.

"తొంభై అయిదు జనవరిలో."

ఆయన ముఖం మీద నవ్వు ఇంకా ఉంది, కాని దాని వెనక మనిషి లేడు.

"జనవరి," అన్నాడు. "అంటే మే నెలకి ముందు."

"ముందే."

"నేను నిన్ను అడిగాను. మెట్ల మీద కూర్చుని అడిగాను."

"అడిగావు."

"నీ చేతిలో పెన్ను ఉంది."

"ఉంది."

గానుగలోంచి నూనె చుక్క చుక్కగా పడుతోంది. ఉర్బాన్ దాని కింద గిన్నె సర్దాడు. అది సర్దాల్సిన పనేం లేదు. మా వైపు తిరక్కుండానే అన్నాడు:

"మదాం కసాన్యోల్, మీ మనవరాలు బండి ఇంజను ఆపినట్టు లేదు. పెట్రోలు దండగ. మీరు వెళ్ళండి."

అరవై ఏళ్ళుగా 'నువ్వు' అన్న మనిషి 'మీరు' అన్నాడు. బండిలో అమ్మమ్మ రొట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇవ్వడం మర్చిపోయింది.

సోమవారం బోర్డు పెట్టారు. ఊరు ఊరంతా అక్కడే. ఒనోరే కాగితం మీద లెక్కవేసుకుని తన జీవితంలో ఎనిమిది వేల కిలోమీటర్లు గాలికి పోయాయని తల పట్టుకున్నాడు. వారం రోజులు మా షాపు ముందు క్యూ కట్టారు. రోజుకి పది డబ్బాలకి నిజం నేర్పాను. ఎవరూ అమ్మమ్మని గట్టిగా ఏమీ అనలేదు. పిల్లలు కూడా ముద్దుగానే ఏడిపించారు. అదే ఆవిడకి ఎక్కువ బాధ అయింది. ఒకరోజు ఒనోరే సాసేజీలు పట్టుకొచ్చి, "అరకిలో అన్నాను, ఆరు వందల గ్రాములుంది, మనం చెల్లు," అంటే, తలుపు వేసేసింది. తిట్టాల్సినవాడు తిట్టడం లేదు. ఉర్బాన్ ఉదయం వంతెన వైపు రావడం మానేశాడు. నడవాలో పటాలన్నీ దించేశాడని పాలావిడ చెప్పింది.

నెల గడిచింది. అక్టోబరు మధ్యలో ఒక పొద్దున్న, నది మీద మంచు ఇంకా లేవలేదు, దుకాణం తలుపు గంట మోగింది. ఉర్బాన్. చేతిలో క్లబ్బు కార్డులు, ఖాళీవి. మొదటిదాని మీద పెన్సిలుతో 2009 అని రాసి ఉంది.

"మీ ముద్ర పట్టుకుని వంతెన దగ్గరికి రండి," అన్నాడు.

వంతెన నుంచి నది రోడ్డు మీద మూడో కిలోమీటరు రాయి దాకా, మళ్ళీ వెనక్కి. ఆరు. "రాళ్ళు ప్రభుత్వం పాతింది. ఊలు కాదు," అన్నాడు. తొక్కి వచ్చాడు. కార్డు చాపాడు. అమ్మమ్మ ముద్ర వేసింది. కార్డు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు 2008. ఆ మర్నాడు 2007.

అమ్మమ్మ రోజూ అరగంట ముందే వెళ్ళి వంతెన మీద నిలబడేది. నేను మడతకుర్చీ తీసుకెళ్తే, "అందులో నువ్వే కూర్చో," అంది. వాన పడితే గొడుగు కార్డుల మీద పట్టేది, తన మీద కాదు. ఒనోరే కాఫీ పట్టుకుని చూడ్డానికి వస్తే, "ఇక్కడ నాటకం ఆడటం లేదు, పో," అని తరిమింది. నేను ఒకసారి, "డెబ్భై రెండేళ్ళ ముసలాయన్ని వానలో తిప్పడం బాగుందా?" అని గొణిగాను. "నోరు ముయ్. అతను తొక్కుతున్నది నా ఆరు," అంది.

పద్నాలుగో పొద్దున్న కార్డు మీద 1996 అని ఉంది. ఉర్బాన్ అప్పటికే పెడలు మీద కాలు పెట్టాడు.

"ఆ ఏడాది వద్దు," అంది అమ్మమ్మ. "ఆ ఏడాది నిజంగా వందే. ఊలు లాగలేదు."

ఉర్బాన్ ఆగాడు. కాలు దించాడు. "నా నడుం పట్టేసిన ఏడాదా?"

"అదే."

"అందుకా!" అన్నాడు. మీసాల కింద ఏదో కదిలింది. నవ్వనుకున్నాను గాని అంతలోనే సర్దేసుకున్నాడు. కార్డు మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి తిరిగి వెళ్ళాడు.

చివరి కార్డు 1995. ఆ రోజు సైకిలెక్కకుండా, నడిపించుకుంటూ వచ్చాడు. అమ్మమ్మ కాలి వైపు చూశాడు, చూసి కూడా అన్నాడు:

"ఇది నేనొక్కణ్ణే తొక్కేది కాదు. నువ్వు నడువు."

నడిచింది. వంగని మోకాలితో, కర్రతో, మూడో రాయి దాకా, మళ్ళీ వెనక్కి. ఎనిమిదింటికి బయల్దేరి పదకొండు దాటాక తిరిగొచ్చారు. నేను పది అడుగుల వెనక కుర్చీ మోసుకుంటూ నడిచాను. నాలుగుసార్లు ఆగారు. ఆగినప్పుడు అమ్మమ్మ గోడ మీద కూర్చుంది గాని నా కుర్చీ అడగలేదు. వాళ్ళు మాట్లాడుకున్నది నాకు అంతా వినబడలేదు. రెండో రాయి దగ్గర మాత్రం గాలి నా వైపు వీచింది.

"ఆ మేజోళ్ళు నాకు పట్టవు. పద్నాలుగేళ్ళుగా పట్టవు. నా పాదం నలభై నాలుగు," అంటున్నాడు ఉర్బాన్.

"మరి చెప్పొచ్చుగా?"

"నువ్వు చెప్పావా?"

అమ్మమ్మ కర్ర ముందుకి వేసి నడిచింది.

వంతెన దాటి ఇంటి వైపు తిరగలేదు. పక్కనే శ్మశానం గేటు. మర్నాడు చనిపోయినవాళ్ళ పండగ కాబట్టి సమాధుల నిండా చామంతులు. ఉర్బాన్ సైకిలు గోడకి ఆనించి, రేమోండ్ రాయి దగ్గరికి వెళ్ళి, పక్కకి తప్పుకున్నాడు.

"చెప్పు," అన్నాడు.

అమ్మమ్మ కర్ర మీద ఒరిగింది. నేను కుర్చీ తెరిచాను. ఆవిడ చూడలేదు.

"రేమోండ్," అంది. "ఆ రోజు ఇతను తొక్కింది తొంభై నాలుగే. నాకు తెలుసు. తెలిసే సంతకం పెట్టాను. మిగతా ఆరూ ఇవాళయ్యాయి."

ఉర్బాన్ కార్డు ఇచ్చాడు. అమ్మమ్మ ముద్ర వేసి, పెన్ను తీసి, వంద అని రాయలేదు. ఆరు కిలోమీటర్లు, గిల్బెర్త్ కసాన్యోల్, అని రాసింది. ఉర్బాన్ దాన్ని రెండుసార్లు చదివి, పూలకుండీ కింద పెట్టాడు. సైకిలెక్కి వెళ్ళిపోయాడు. మా వైపు చూడలేదు, చెయ్యి ఊపలేదు. దార్లో మలుపు తిరిగేదాకా అమ్మమ్మ నిలబడే ఉంది. ఆ తర్వాత కూర్చుంది.

ఇది జరిగి రెండేళ్ళయింది. ఉర్బాన్ చౌకులో కనబడితే తల పంకిస్తాడు. నువ్వు అనే అంటాడు. మే నెలలో క్లబ్బు దారి నోయెమి ఉపగ్రహం వేస్తోంది; చారు మాత్రం అమ్మమ్మదే. ఆయన వచ్చి తాగుతాడు, గిన్నె తనే కడిగి పెడతాడు. క్రిస్మస్‌కి మేజోళ్ళు వెళ్ళలేదు. ఆయన అడగలేదు కూడా.

నిన్న మధ్యాహ్నం ఇదంతా అమ్మమ్మకి చదివి వినిపించాను. ఆవిడ కిటికీ దగ్గర నిలబడి విన్నది. మొదట్లో దేవుడి ముక్క దగ్గర మూతి విరిచింది. గానుగ దగ్గర ముఖం అటు తిప్పుకుంది.

"ఉర్బాన్ నన్ను క్షమించాడని ఎక్కడా రాయలేదుగా?" అంది చివరికి.

"రాయలేదు."

"అనలేదు గనక రాయకు."

"మరి నీకిప్పుడు తేలిగ్గా ఉందా అమ్మమ్మా? అది రాస్తే కథ అయిపోతుంది."

"లేదు. ఉండకూడదు కూడా. లే, అది నా కుర్చీ."